మూడో పిలుపు

గోదాములో పురుగుకి మందు పెట్టే రోజున నాన్న గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలుస్తాడు. మొదటిసారి తెలుగులో, రెండోసారి బజారు భాషలో, మూడోసారి అమ్మ భాషలో. మూడింట్లోనూ మాట ఒకటే: "లోపల ఎవరన్నా ఉన్నారా? తలుపులు మూస్తున్నాం." లోపల ఉన్నవాళ్ళు తమ భాషలో "ఉన్నాను, వస్తున్నాను" అనాలి. రెండు మాటలూ అనాలి. ఒట్టి "ఉన్నాను" అని ఊరుకుంటే బయటికి వస్తున్నారో, ఇంకా పని ముగించుకుంటున్నారో తెలియదు.

ఆ గోదాము రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. పైకప్పు దాకా ధాన్యం బస్తాల దొంతరలు. తెలుగు హమాలీలు ముందు వరసల్లో పని చేస్తారు. బజారు భాష మాట్లాడేవాళ్ళు నడిమి వరసల్లో. చిట్టచివర లోగది ఉంది, చిరిగిన బస్తాలన్నీ అక్కడ పోగేస్తారు. దబ్బనం, పురికొస పట్టుకుని వాటిని కుట్టేవాళ్ళంతా అమ్మ భాషవాళ్ళు. వాళ్ళకి వచ్చే పిలుపు ఆఖరుది కాబట్టి, మొదటి రెండు పిలుపులు విన్నా దబ్బనం కింద పెట్టరు. చేతిలో బస్తా నోరు కుట్టేసేంత వ్యవధి ఇంకా ఉంటుందని వాళ్ళ ధీమా. మూడు పిలుపులూ అయ్యాకే మందు డబ్బా మూత తీస్తారు.

అమ్మ, నాన్న ఒకరికొకరు తెలిసింది ఆ మూడో పిలుపుతోనే. నాన్న పనిలో కొత్తగా చేరి, ఆ ఒక్క వాక్యాన్ని ఎవరి దగ్గరో బట్టీ పట్టి, గుమ్మంలో నిలబడి మొదటిసారి పిలిచాడట. లోగదిలోంచి "ఉన్నాను" కి బదులు పెద్ద నవ్వు వినిపించిందట. "ఈయన తలుపు మూస్తున్నాడో ఏడుస్తున్నాడో తెలిస్తేగా, వస్తున్నాననడానికి!" అని అమ్మ చెప్పేది. అమ్మ తర్వాత తెలుగు నేర్చుకుంది, పోట్లాడడానికి సరిపోయేంత బాగా. నాన్నకి మాత్రం ఈనాటికీ అమ్మ భాషలో వచ్చింది ఆ ఒక్క వాక్యమే.

నేను నాన్నమ్మ దగ్గర పెరిగాను. అక్కడి పల్లెటూరి బడిలోనే పదో తరగతి దాకా చదివి, నాన్నమ్మకి మోకాళ్ళు పట్టేసి అత్త వాళ్ళింటికి వెళ్ళిపోయాక ఇక్కడికి వచ్చాను. వచ్చాక అమ్మ భాష చెవికి అలవాటైంది. వింటే అర్థమవుతుంది. నోటికి మాత్రం రాలేదు. అసలు తెలుగులోనే నాకు గొంతు గట్టిగా రాదు. మాట్లాడితే పక్కవాళ్ళకే వినపడదు. హమాలీల్లో అందరికంటే పెద్దవాడు, పొద్దున నోరు తెరిస్తే సాయంత్రం దాకా మూయని రేడియో బాబాయి, నాకు గుసగుస అని పేరు పెట్టాడు.

గొడవ మామయ్య వచ్చినప్పుడు మొదలైంది. అమ్మకి సొంత అన్న. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే నన్ను చూసి, వాళ్ళ భాషలో ఏం చదివావని అడిగాడు. అర్థమైంది. జవాబు కూడా లోపల సిద్ధంగా ఉంది. గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. మామయ్య అమ్మ వైపు తిరిగి, "ఇది నీ కడుపున పుట్టిన పిల్లేనా? చుట్టపుచూపుకొచ్చినట్టు చూస్తోందేం?" అన్నాడు. అమ్మ తల వంచుకుంది.

ఆయన వెళ్ళిపోయాక అమ్మ నాన్నతో అంది, "పిల్లని నా దగ్గరే ఉంచమని కాళ్ళావేళ్ళా పడ్డాను. విన్నావా? ఇవాళ నా మాట ఒక్కటంటే ఒక్కటి లేదు దాని నోట్లో."

"నీ మాటతో దానికేం పని? కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా?"

నాన్న కోపంలో అన్నాడు. అని నాలిక్కరుచుకోవడం కూడా నేను చూశాను. అమ్మ చూడలేదు. లేచి నిలబడింది.

"అయితే నీ మాటతో నాకూ పని లేదు."

అమ్మ నోట నేను విన్న ఆఖరి తెలుగు వాక్యం అదే. మర్నాటి నుంచి అమ్మ తన భాష తప్ప మాట్లాడలేదు. తెలుగులో పిలిస్తే పలకలేదు, తలైనా తిప్పలేదు. నాన్నకి ఆ భాష రాదు. నాకు అర్థమవుతుంది. దాంతో మాటలు మోసే పని నా మీద పడింది.

"మీ నాన్నతో చెప్పు, నచ్చకపోతే హోటల్లో తిని రమ్మను. కంచంలో వేలితో కెలకొద్దను," అనేది అమ్మ.

"ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది నాన్నా," అనేదాన్ని.

"ఉప్పుకేం, సరిపోయింది. ముఖం మాడ్చుకుని వండితే కూర కూడా మాడుతుందని చెప్పు."

నేను అమ్మ చెవి దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన రెండు ముక్కల్లో "బాగుందట" అని గుసగుసగా చెప్పేదాన్ని. నాన్న అన్నది అమ్మకి నా కంటే ముందే అర్థమై ఉంటుంది కదా. పెదవి చివర కాస్త వంకర తిరిగేది. అది నవ్వో ఏడుపో నేను ఊహించుకునే లోపలే గిన్నెల వైపు తిరిగేది.

ఒకరి మాట ఒకరికి చేర్చే దారిలో సగం పారబోసేదాన్ని. చల్లారినంత వరకే చేర్చేదాన్ని. ఒక్క మాట వేడిగా పడిందంటే ఏమవుతుందో నాకు తెలుసు. వంటింటి మేకుకి అమ్మ గుడ్డ సంచి వేలాడుతూ ఉంటుంది. పుట్టింటికి వెళ్ళేటప్పుడు మాత్రమే అది మేకు దిగుతుంది. పొద్దున కళ్ళు తెరవగానే ముందు ఆ మేకు వైపే చూసేదాన్ని. సంచి కనిపించాకే ఊపిరి వదిలేదాన్ని.

ఆ పొద్దున అమ్మ పనికి బయల్దేరుతూ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. ఆ రోజు మందు పెడతారని అందరికీ తెలుసు. అమ్మ భాషవాళ్ళు మిగతా అందరూ కోతల పనికి వెళ్ళిపోయారు. లోగదిలో కుట్టడానికి అమ్మ ఒక్కతే మిగిలింది.

"మీ నాన్నతో చెప్పు. లోగదిలో ఉంటాను. మూడో పిలుపు పిలిస్తేనే బయటికొస్తాను. పిలవకపోతే రాను."

చెబుతున్నప్పుడు అమ్మ నా ముఖం వైపు చూడలేదు. కొంగు చివర దబ్బనం గుచ్చుకుంటూ, అది సరిగ్గా దిగిందా లేదా అని చూసుకుంటూ చెప్పింది. నాన్న అప్పటికే సైకిల్ తీస్తున్నాడు. నేను వెనకాలే వెళ్ళాను.

"అమ్మ ఇవాళ లోగదిలో కుడుతుందట నాన్నా."

"కుట్టనీ. నాకెందుకు చెప్పమంది?"

మిగతాది నాలుక మీదే ఉంది. చెబితే నాన్న ఏమంటాడో కూడా వినిపించింది. నన్ను శాసిస్తోందా అంటాడు. ఆ మాట అమ్మ చెవిన పడుతుంది. మేకు మీద సంచి ఉండదు.

"ఊరికే," అన్నాను.

మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి గోదాము ముందు హమాలీలు చెమటలు తుడుచుకుంటున్నారు. నాన్న గుమ్మంలో నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని తెలుగులో పిలిచాడు. ఇద్దరు ముగ్గురు "ఉన్నాం, వస్తున్నాం" అంటూ బయటికొచ్చారు. బజారు భాషలో పిలిచాడు. ఇంకొందరు వచ్చారు. తర్వాత చేతులు దించేశాడు.

"ఏమయ్యా, మూడో పాట పాడవా?" అన్నాడు రేడియో బాబాయి. "నీ గొంతులో ఆ పాట వినకపోతే నాకు భోజనం సహించదు."

"ఎవరి కోసం? ఆ భాషవాళ్ళంతా కోతలకి పోయారుగా."

"ఒకరున్నారుగా. మీ ఇంటి మహారాణి."

"ఆవిడ ఎప్పుడో ఇంటికి పోయుంటుంది. నేను పిలిస్తే పలికే మనిషైతేగా పిలవడానికి."

చుట్టూ నలుగురూ నవ్వారు. నాన్న నవ్వలేదు. మాస్కు కట్టుకుని, మందు డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళాడు.

నేను క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. అమ్మ ఇంటికి వెళ్ళిపోయిందనే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. అడుగుదామంటే అంతమంది మగవాళ్ళు. నాన్న లోగది గుమ్మం దగ్గర మొదలుపెట్టి, దొంతరల మధ్య పళ్ళేల్లో మందు బిళ్ళలు పరుచుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికొచ్చాడు. తలుపులు మూశారు. సందులన్నిటికీ టేపు అంటించి, గడప కింద పాముల్లాంటి ఇసుక సంచులు పరిచారు. మేనేజరు వచ్చి తాళం మీద సీలు వేసి వెళ్ళాడు.

ఆ మందు గురించి నాన్న నాకు ముందే చెప్పాడు. బిళ్ళకి గాలి తగిలాక మెల్లగా పని మొదలుపెడుతుంది. మొదట్లో ఏమీ తెలియదు. కాసేపటికి వెల్లుల్లి వాసన వస్తుంది. ఎండ వాలేసరికి లోపల ఎలుక కూడా మిగలదు.

ఇంటికి వచ్చాను. తలుపుకి తాళం వేసి ఉంది. క్యారేజీ తీసుకెళ్తూ నేను వేసిందే. లోపల పొయ్యి చల్లగా ఉంది. అమ్మ తాగే గ్లాసు బోర్లించినట్టే ఉంది.  వెళ్ళిపోయింది, మామయ్య దగ్గరికి వెళ్ళిపోయింది అనుకుంటూ వంటింట్లోకి పరిగెత్తాను.

సంచి మేకుకే ఉంది.

హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే పైకి అన్నాను కూడా. సంచిని చేత్తో తడిమి, ముఖానికి ఆనించుకున్నాను. అమ్మ ఎక్కడికీ పోలేదు.

మరి ఎక్కడుంది?

సంచి చేతిలో ఉండగానే పొద్దున అమ్మ అన్న మాట గుర్తొచ్చింది. పిలవకపోతే రాను. నాన్న పిలవలేదు. అమ్మ రాలేదు.

దారిలో ఎవరిని గుద్దుకున్నానో తెలియదు. ఎండ అప్పటికే గోడల మీదకి ఎక్కుతోంది. గోదాము ఆవరణలో నాన్న పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుంటున్నాడు. మందు పెట్టాక అలా కడుక్కోవాలి. రేడియో బాబాయి పక్కనే బీడీ వెలిగిస్తున్నాడు.

"అమ్మ ఇంట్లో లేదు నాన్నా."

"మీ మామయ్య దగ్గరికి పోయుంటుంది. పోనీ."

"సంచి ఇంట్లోనే ఉంది."

నాన్న చేతులు ఆగాయి.  పొద్దున పారబోసిన సగాన్ని ఇప్పుడు ఎత్తి పోయాలి.

"పొద్దున అమ్మ ఇంకా చెప్పమంది. లోగదిలో ఉంటానంది. మూడో పిలుపు పిలిస్తేనే వస్తానంది. పిలవకపోతే రానంది. నేను నీకు చెప్పలేదు."

నాన్న నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సబ్బు నురగ మోచేతుల నుంచి కారుతుంటే గోదాము తలుపు వైపు చూశాడు. తర్వాత ఎండ వైపు చూశాడు. తడి చేతులతోనే పరిగెత్తాడు.

గొడవకి మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు. "ఏంటయ్యా, ఇప్పుడే వేసిన సీలు తీస్తావా? మందంతా దండగ! ఆవిడ లోపలుందని ఎవరు చూశారు? రేపు పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను? ఉద్యోగం ఉండాలనే ఉందా నీకు?"

"సార్, మా ఆవిడ సార్."

"ముందు ఊరంతా వెతుక్కోవయ్యా! ఇంట్లో లేకపోతే గోదాములో ఉన్నట్టేనా?"

నాన్న తాళంచెవి పట్టుకుని తలుపు ముందే ఆగిపోయాడు. చూసినవాళ్ళెవరూ లేరు. నా మాట ఒక్కటే ఉంది, అది కూడా గుసగుస. వాళ్ళు మాటల్లో ఉండగానే నేను గోదాము వెనక్కి పరిగెత్తాను. లోగది గోడకి పైన చిన్న వెంటిలేటరు ఉంటుంది. మందు పెట్టే రోజు దాన్ని కూడా బయటినుంచి ప్లాస్టిక్ పట్టాతో మూసేస్తారు. గోడ వారగా పడేసిన చెక్క పలకల మీదకి ఎక్కి, పట్టాని గోళ్ళతో చింపాను. గోరు విరిగింది. లోపల చీకటి. సన్నగా వెల్లుల్లి వాసన.

"అమ్మా!" అన్నాను.

ఏమీ లేదు. పక్కనే లారీ ఇంజను దడదడమంటోంది. నా గొంతు నాకే వినపడలేదు. అప్పుడు తోచింది, అమ్మా అన్నది తెలుగు పిలుపు. తెలుగులో పిలిస్తే అమ్మ ఇన్నాళ్ళుగా పలకలేదు.

మూడో పిలుపు నాకు తెలుసు. చిన్నప్పుడు సెలవులకి వచ్చిన ప్రతిసారీ విన్నాను. పెదవులతో ఎన్నోసార్లు అనుకున్నాను కూడా, శబ్దం లేకుండా. ఇప్పుడు నోరు తెరిచాను. మొదటిసారి సగంలో తెగిపోయింది. వెనక నాన్నా మిగతావాళ్ళూ వస్తున్న చప్పుడు. మేనేజరు, "ఎవరు చింపమన్నారు ఆ పట్టాని!" అని అరుస్తున్నాడు. హమాలీలంతా నన్నే చూస్తున్నారు. అంతమంది చూపులు వీపు మీద పడితే మామూలుగా అయితే నేను అక్కడే కరిగిపోయేదాన్ని.

కళ్ళు మూసుకుని అరిచాను. లోపల ఎవరన్నా ఉన్నారా, తలుపులు మూస్తున్నాం అని, అమ్మ భాషలో, నాన్న పలికే వంకరతోనే, ఎందుకంటే నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

"ఒరేయ్, బండి ఆపరా!" రేడియో బాబాయి లారీ వైపు తిరిగి కేకేశాడు. "ఆపమంటుంటే! పిల్ల పిలుస్తోంది, వినపడనీయండ్రా! ఎవడూ కిక్కురుమనకండి!"

ఇంజను ఆగింది. రేడియో బాబాయి కూడా ఆగాడు. ఆవరణంతా నిశ్శబ్దం. మళ్ళీ అరిచాను. గొంతు చీలిపోయింది.

గోడ లోపలివైపు టక్కుమని చప్పుడైంది. ఇనుము తగిలిన చప్పుడు. కాసేపాగి ఇంకోటి. బస్తాలు లాగే కొక్కెంతో ఎవరో గోడని కొడుతున్నారు.

నేను వెనక్కి తిరిగేసరికి నాన్న అక్కడ లేడు. ముందువైపు నుంచి టేపు చీలుస్తున్న చప్పుడు, తాళం నేలకేసి కొట్టిన చప్పుడు వినిపించాయి. పలకలు దిగి నేనూ ముందువైపుకి పరిగెత్తాను. మేనేజరు తనే పరిగెత్తి రెండో తలుపు లాగాడు.

నాన్న మాస్కు కట్టుకుని, తడి తువ్వాలు ఒకటి చేత పట్టుకుని లోపలికి పోయాడు. చీకట్లోంచి ఆయన గొంతు వస్తూనే ఉంది. మాస్కులోంచి ముద్దగా, వంకరగా, అదే వాక్యం. లోపల ఎవరన్నా ఉన్నారా. లోపల ఎవరన్నా ఉన్నారా. జవాబు రాలేదు. గొంతు దూరమవుతోంది. ఇంకా దూరమైంది. తర్వాత అది కూడా ఆగిపోయింది. అలా ఆగిపోయినప్పుడు నేను రేడియో బాబాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన చెయ్యి కూడా చల్లగానే ఉంది.

చివరికి ఇద్దరూ కనిపించారు. నాన్న అమ్మని భుజం మీద వేసుకుని, దొంతరలకి తగులుకుంటూ వస్తున్నాడు. అమ్మ ముఖానికి గోనెగుడ్డ చుట్టి ఉంది. తనే చుట్టుకుంది. చేతిలో కొక్కెం ఇంకా ఉంది. బయట పడుకోబెట్టగానే వాంతి చేసుకుంది. కళ్ళు తెరిచింది. నేను పక్కన కూర్చుని కొక్కెం విడిపించబోతే వదల్లేదు.

ఆసుపత్రిలో అమ్మని కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి, ముక్కుకి గొట్టం పెట్టారు. రాత్రికి ఇక్కడే ఉంచాలి, ఊపిరి ఎలా ఉంటుందో చూడాలి అంది నర్సు. అంతకుమించి చెప్పలేదు. నాన్న మంచానికి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దగ్గరికి రావడానికి ఎవరి అనుమతి కోసమో చూస్తున్నట్టున్నాడు.

అమ్మ నన్ను దగ్గరికి రమ్మని వేలు కదిపింది. గొట్టం పక్కకి తోసుకుని, తన భాషలో చాలా మెల్లగా అంది, "నీ పలుకు మీ నాన్న కంటే వంకర."

నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది. అమ్మ నా విరిగిన గోరు వైపు చూసింది. తర్వాత ఇంకా చెప్పింది. ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"ఏమంటోంది?" అన్నాడు నాన్న.

నేను అమ్మ వైపు చూశాను. కావాలంటే తనే తెలుగులో చెప్పగలదు. చెప్పలేదు. నేనేం మోసుకెళ్తానో చూస్తోంది. ఉప్పు సరిపోయిందా అన్నట్టు ఏదో ఒకటి చల్లార్చి చెప్పడం నాకు బాగా అలవాటు. నాన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇది మోస్తే ఏం విరుగుతుందో అని చాలా భయమేసింది. అయినా ఒక్క చుక్క పారబోయకుండా చెప్పాను.

"మొదటి పిలుపు విన్నానంటోంది. రెండోది కూడా విన్నానంటోంది. మూడోదానికి ఇంకా వ్యవధి ఉందని బస్తా కుడుతూ ఉండిపోయానంటోంది. తర్వాత లోగది గుమ్మం దాకా నీ అడుగులు వినపడ్డాయట. నన్ను పిలవడానికే వచ్చాడనుకున్నానంటోంది. దబ్బనం పక్కన పెట్టేశానంటోంది. నువ్వు అక్కడే కాసేపు ఆగి, వెనక్కి వెళ్ళిపోయావంటోంది."

నాన్న గోడకి ఆనుకునే మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.  తర్వాత, "చెప్పు మీ అమ్మకి..." అని నా వైపు తిరిగాడు. నేను మోయడానికి సిద్ధంగా వంగాను. ఆయన ఆగిపోయాడు. చెయ్యి అడ్డంగా ఊపాడు, వద్దు అన్నట్టు.

లేచి మంచం దగ్గరికి వచ్చాడు. ఆయనకి ఆ భాషలో వచ్చింది ఒక్కటే. దాన్నే అన్నాడు. గుమ్మంలో అరిచినట్టు కాదు, నాకంటే గుసగుసగా.

"లోపల ఎవరన్నా ఉన్నారా?"

రెండో సగం, తలుపులు మూస్తున్నామన్నది, అనలేదు.

అమ్మ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. బయట ఎండ పూర్తిగా వాలిపోయింది. గొట్టంలో గాలి బుసబుసమంటోంది. నేను మంచం కోడు పట్టుకున్నాను. గోదాము వెనక పలకల మీద నిలబడి, ఇంజను ఆగాక వచ్చిన ఆ నిశ్శబ్దంలో ఎంత భయపడ్డానో ఇప్పుడూ అంతే భయపడుతున్నాను.

"ఉన్నాను," అంది అమ్మ, తన భాషలో.

ఆ తర్వాత కాళ్ళు కొంచెం ముడుచుకుంది. మంచం చివర ఒక మనిషి కూర్చునేంత చోటు ఏర్పడింది. నాన్న కూర్చున్నాడు. ఇద్దరమూ అమ్మ ముఖంలోకే చూస్తూ, రావాల్సిన రెండో మాట కోసం ఎదురుచూస్తున్నాం.